ఇంటి పర్మిషన్‌కు కట్టే ప్రతి రూపాయి ఎందుకో తెలుసుకుని కట్టండి: నల్లగొండ, పాలమూరు వాళ్ల కోసం

నల్లగొండలో ఇళ్ల ప్లాన్లు గీయడం, పర్మిషన్ ఫైళ్లు పెట్టడం నా పని. ఫీజు లెటర్ చేతికి రాగానే చాలామంది చూపు నేరుగా కింది వరుస మీదికే పోతుంది. "లక్షా అరవై వేలా సార్! జర తక్కువ చేయిస్తరా?" అనే మాటే ముందు వస్తుంది. ఆ మొత్తం పైన ఎనిమిదో పదో వరుసలుంటాయి. ఒక్కో వరుస ఒక్కో చట్టం నుంచి పుట్టింది, ఒక్కో కొలత మీద లెక్క కట్టింది, ఒక్కో ఖాతాలోకి పోతుంది. వాటిని చదివేవాళ్లు తక్కువ. చదవకపోవడం వల్లే కొందరు కట్టనక్కర్లేనిది కడుతున్నారు. ఇంకొందరు కట్టాల్సింది దాటేశామనుకుని, స్లాబ్ పడ్డాక నోటీసు అందుకుని నా దగ్గరికి పరుగెత్తుకొస్తున్నారు. కట్టిన డబ్బుకు తమ వీధిలో మోరీ ఏదని అడగవచ్చన్న సంగతి ఇద్దరికీ తోచడం లేదు.

సొంతిల్లు కట్టుకునేవాళ్లనూ, నాలుగైదు ఫ్లాట్లు కట్టి అమ్మే చిన్న బిల్డర్లనూ మనసులో పెట్టుకుని రాస్తున్నాను. తమ వార్డులో వసూలైన డబ్బు లెక్క అడగాలనుకునే కౌన్సిలర్లకు చివరి భాగం పనికొస్తుంది.

మొదటి అడుగు: మీ ప్లాటు ఎవరి పరిధిలో ఉందో తేల్చుకోండి

ఇది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది కానీ సగం తికమక ఇక్కడే మొదలవుతుంది. మన దగ్గర ఒకే రోడ్డుకు ఈ పక్క మున్సిపాలిటీ, ఆ పక్క గ్రామ పంచాయతీ ఉంటాయి. రెండింటి మీదా పట్టణాభివృద్ధి సంస్థ ఉండవచ్చు. నల్లగొండ చుట్టూ నీలగిరి పట్టణాభివృద్ధి సంస్థ, పాలమూరు చుట్టూ మహబూబ్‌నగర్ పట్టణాభివృద్ధి సంస్థ ఉన్నాయి. మహబూబ్‌నగర్ మున్సిపాలిటీ 2025లో కార్పొరేషన్ అయింది. అదే ఏడాది హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) పరిధిని రీజినల్ రింగ్ రోడ్డు దాకా పెంచినప్పుడు మన జిల్లాల కొసన ఉన్న కొన్ని ఊళ్లు అందులో చేరాయి. పాత కాగితంలో ఊరి పేరు చూసి "మాది పంచాయతీయే" అనుకుంటే పొరపాటు.

పరిధి మారితే చట్టం మారుతుంది. మున్సిపాలిటీలో 2019 నాటి తెలంగాణ పురపాలక చట్టం నడుస్తుంది. పంచాయతీలో 2018 నాటి పంచాయతీరాజ్ చట్టం. పట్టణాభివృద్ధి సంస్థ ఉన్నచోట 1975 నాటి పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టం కింద 'డెవలప్‌మెంట్ ఛార్జీలు' అనే ప్రత్యేక వరుస వస్తుంది. నేల వాడకం మారినా, కొత్తగా కట్టినా ఆ సంస్థ ఈ ఛార్జీ వేయవచ్చు. స్థలానికి ఒక రేటు, కట్టడానికి ఒక రేటు. ఈ సంస్థ పరిధిలో లేని ప్లాటుకు ఆ వరుస కనిపిస్తే, ఎందుకు వచ్చిందని అడగడానికి మీకు మొదటి కారణం దొరికినట్టే.

ఎలా తెలుసుకోవాలి? సర్వే నంబర్ పట్టుకుని మున్సిపల్ ఆఫీసులో టౌన్ ప్లానింగ్ సెక్షన్‌కు వెళ్లండి. మాస్టర్ ప్లాన్‌లో ఆ సర్వే నంబర్‌కు ఏ రంగు వేశారో కూడా అక్కడే చూడండి. నివాస జోన్ కాకుండా ఇంకేదైనా ఉంటే ఇల్లు సంగతి తర్వాత, ముందు వాడక మార్పిడి సంగతి చూడాల్సి ఉంటుంది.

రెండో అడుగు: ప్లాటు పుట్టుక చూడండి

ఫీజు లెటర్‌లో అన్నిటికన్నా బరువైన వరుస దాదాపు ఎప్పుడూ ఇక్కడి నుంచే వస్తుంది. కాబట్టి కాస్త నెమ్మదిగా చెబుతాను.

మన ఊళ్ల శివార్లలో ఇరవై ముప్పై ఏళ్లుగా ఒక పద్ధతి నడిచింది. రైతు దగ్గర రెండెకరాలు కొంటారు. జేసీబీతో రోడ్లు గీస్తారు. రాళ్లు పాతుతారు. సర్పంచ్ సంతకం, పంచాయతీ ముద్ర ఉన్న ఒక నక్షా చూపిస్తారు. "ఇది పంచాయతీ లేఅవుట్ పటేలా, బెంగ పడకు" అంటారు. కానీ పంచాయతీ ముద్ర ఒక్కటే ఉంటే అది ఆమోదిత లేఅవుట్ కాదు. టౌన్ ప్లానింగ్ శాఖ సాంకేతిక అనుమతి ఉండాలి. రోడ్లు, ఖాళీ జాగా పంచాయతీ పేరున రిజిస్టర్ చేసి ఇచ్చి ఉండాలి. అవి లేని చోట పార్కు జాగా కూడా ప్లాట్లుగా అమ్ముడుపోయి ఉంటుంది.

ఇప్పుడు అసలు లెక్క. సరైన లేఅవుట్‌లో పార్కుకు, బడికి, చెట్లకు కొంత జాగా వదిలేవారు. మీ ప్లాటున్న చోట వదల్లేదు. ఆ వదలని జాగాలో మీ వాటా ఖరీదు మీ దగ్గర వసూలు చేస్తారు. దాన్నే ఓపెన్ స్పేస్ ఛార్జీలంటారు. ప్లాటు విలువలో 14 శాతం. మీరు కొన్న ధర మీద కాదు, రిజిస్ట్రేషన్ శాఖ ఆ వీధికి రాసిన మార్కెట్ విలువ మీద. ఆ విలువలు 2021 జులైలో ఒకసారి, 2022 ఫిబ్రవరిలో ఇంకోసారి పెరిగాయి. కాబట్టి ఏ తేదీ విలువ తీసుకుంటారన్న దాని మీద వేలల్లో తేడా వస్తుంది.

ఎల్‌ఆర్‌ఎస్, అంటే అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్లను క్రమబద్ధం చేసే పథకం, ఇక్కడే కలుస్తుంది. 2020 ఆగస్టు 31న జీవో 131 వచ్చింది. ఆ ఏడాది ఆగస్టు 26కు ముందు రిజిస్టర్ అయిన ప్లాట్లను క్రమబద్ధం చేయడానికి దరఖాస్తులు తీసుకున్నారు. ప్లాటుకు దరఖాస్తు ఫీజు వెయ్యి రూపాయలు. రాష్ట్రమంతా 25 లక్షలకు పైగా దరఖాస్తులొచ్చాయి. రేట్లు ఎక్కువన్న గొడవ లేవడంతో రెండు వారాలు దాటగానే జీవో 135 ఇచ్చి తగ్గించారు. మామూలు జనానికి మేలు చేసిన మార్పు అందులో ఒకటుంది: మార్కెట్ విలువను ఇప్పటిది కాకుండా మీరు ప్లాటు రిజిస్టర్ చేయించుకున్న నాటిది తీసుకోవడం.

ఒక ప్లాటు లెక్క వేసి చూద్దాం. అంకెలు నేను ఉదాహరణకు తీసుకున్నవి, పద్ధతి మాత్రం జీవోదే. పానగల్ వైపు 200 గజాల ప్లాటు, పదేళ్ల కింద రిజిస్టర్ అయింది, అప్పటి మార్కెట్ విలువ గజానికి రెండు వేలు అనుకోండి. 200 గజాలంటే 167.2 చదరపు మీటర్లు. వంద నుంచి మూడు వందల మీటర్ల ప్లాటుకు ప్రాథమిక రేటు మీటరుకు 400 రూపాయలు. గజం విలువ మూడు వేల లోపు ఉంది కాబట్టి అందులో 20 శాతమే, అంటే మీటరుకు 80 రూపాయలు. 167.2 ని 80తో గుణిస్తే 13,376. ఇది క్రమబద్ధీకరణ ఛార్జీ. ప్లాటు విలువ నాలుగు లక్షలు, దాని మీద 14 శాతం 56,000. రెండూ కలిపి 69,376 రూపాయలు. ఇంతే.

అదే మనిషి ఎల్‌ఆర్‌ఎస్ పెట్టుకోలేదనుకోండి. నేటి విలువ గజానికి ఐదు వేలైతే ప్లాటు విలువ పది లక్షలు. ఓపెన్ స్పేస్ ఒక్కటే 1,40,000. మిగతావి దీనికి అదనం. 2025లో ప్రభుత్వం ఎల్‌ఆర్‌ఎస్ కట్టేవాళ్లకు 25 శాతం రాయితీ ఇచ్చినప్పుడు, వెయ్యి రూపాయల దరఖాస్తు రసీదు ఎక్కడ పెట్టారో గుర్తు లేక ఇల్లంతా వెతికిన వాళ్లను నేను చూశాను. ఆ రసీదు పోతే దరఖాస్తు పోయినట్టు కాదు. మీ ఫోన్ నంబర్, సర్వే నంబర్, డాక్యుమెంట్ నంబర్‌తో వెతికించవచ్చు.

ఇంకో మాట, ఇది గట్టిగా గుర్తుంచుకోండి. ఎల్‌ఆర్‌ఎస్‌లో కట్టే క్రమబద్ధీకరణ ఛార్జీలోనే ప్లాటు మీద పడే బెటర్‌మెంట్, డెవలప్‌మెంట్ ఛార్జీలు (ఇవేంటో ఏడో అడుగులో చెబుతాను) కలిసి ఉంటాయి. ఎల్‌ఆర్‌ఎస్ ప్రొసీడింగ్స్ (క్రమబద్ధం చేస్తూ ఇచ్చే ఉత్తర్వు) చేతిలో ఉంటే, ఇంటి పర్మిషన్ ఫీజులో అదే ప్లాటుకు ఓపెన్ స్పేస్ 14 శాతం, ప్లాటు బెటర్‌మెంట్ మళ్లీ రాకూడదు. వచ్చిందంటే ఎక్కువసార్లు కారణం ఒక్కటే: దరఖాస్తు నింపేటప్పుడు ప్రొసీడింగ్స్ నంబర్ వేయలేదు, కాగితం అప్‌లోడ్ చేయలేదు. కంప్యూటర్‌కు మీరు చెప్పింది తప్ప ఇంకేమీ తెలియదు.

మూడో అడుగు: డబ్బు కట్టినా కుదరని జాగాలు

ఫీజు కడితే ఏదైనా సరవుతుందనుకునే వాళ్లకు ముందే చెప్పడం నా ధర్మం. చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు నిలిచే హద్దు) లోపల, దాని బఫర్‌లో (ఆ హద్దు చుట్టూ ఖాళీగా వదలాల్సిన జాగాలో) కట్టడానికి ఏ ఛార్జీ లేదు, ఏ పర్మిషన్ లేదు. 2012 నాటి జీవో 168 నిబంధనల ప్రకారం పది హెక్టార్లు, అంతకన్నా పెద్ద చెరువుకు 30 మీటర్లు, చిన్న చెరువులకు, కుంటలకు 9 మీటర్లు వదలాలి. వాగు, కాలువ పది మీటర్ల కన్నా వెడల్పుంటే 9 మీటర్లు, అంతకు లోపైతే 2 మీటర్లు. పాలమూరులో పెద్ద చెరువు చుట్టుపక్కల గానీ, నల్లగొండలో ఉదయసముద్రం వైపు గానీ ప్లాటు చూస్తున్నవాళ్లు బయానా ఇవ్వకముందే ఇరిగేషన్ వాళ్ల హద్దు నక్షా చూడండి. ఎండాకాలంలో చెరువు ఎండిపోయి కనిపిస్తే అది ఎఫ్‌టీఎల్ కాకుండా పోదు.

అసైన్డ్ భూమి (ప్రభుత్వం పేదలకు పంచింది), వక్ఫ్, దేవాదాయ భూములు, ప్రభుత్వ జాగాలు కూడా అంతే. పంచాయతీలో ఇంటి నంబర్ ఇచ్చారు, కరెంట్ మీటర్ ఉంది, పన్ను కడుతున్నాం అన్నవేవీ హక్కు కాగితాలు కావు.

రోడ్డు సంగతి కొంచెం వేరు. ముందున్న రోడ్డు నిబంధన కన్నా ఇరుకుగా ఉంటే, రోడ్డు మధ్య నుంచి కొలిచి మీ వైపు కావాల్సినంత జాగా వదిలి స్థానిక సంస్థకు ఉచితంగా రాసివ్వాలి. అలా వదిలిన జాగా పోగా మిగిలిందే మీ నికర ప్లాటు. ప్లాన్ దాని మీదే గీయించండి.

నాలుగో అడుగు: నాలా మార్పిడి

ఇది చిన్న అడుగే. నాలా అంటే ఇక్కడ కాలువ కాదు, వ్యవసాయ భూమిని వ్యవసాయేతర భూమిగా మార్చుకోవడం. కాగితాల్లో ఇంకా వ్యవసాయ భూమిగా ఉంటే ముందు దాన్ని మార్చుకోవాలి. 2006 నాటి చట్టం కింద ఈ ఫీజు మన జిల్లాల్లో భూమి విలువలో 3 శాతం. ఇది రెవెన్యూ శాఖ దగ్గర నడిచే వ్యవహారం. ముందు ధరణి పోర్టల్‌లో చేసేవాళ్లు, ఇప్పుడు భూభారతిలో. ఈ డబ్బు మున్సిపాలిటీకి కాదు, రాష్ట్ర ఖజానాకు పోతుంది. ఎక్కడ ఎవరికి పోతుందో ముందే తెలిస్తే తర్వాత లెక్క అడగడం తేలిక.

ఐదో అడుగు: కొలతలు మీరే తీయండి

మనం గజాల్లో మాట్లాడుతాం. ఆఫీసు చదరపు మీటర్లలో లెక్క కడుతుంది. గజం అంటే 0.836 చదరపు మీటరు. గుంట 121 గజాలు. ఈ రెండు అంకెలు ఇంట్లో క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి.

ఇందులో నా తప్పొకటి చెప్పాలి. ఈ పని మొదలుపెట్టిన కొత్తలో ఒకాయన 240 గజాల ప్లాటును మీటర్ల పెట్టెలో 240 అని కొట్టేశాను. అసలు అది 200 మీటర్ల చిల్లర. దాదాపు 39 మీటర్ల జాగాకు ఆయన లేని ఫీజు కట్టాడు. డబ్బు కట్టేశాక సరిచేయించడానికి ఎన్ని అర్జీలు పెట్టినా పని కాలేదు, ఆ తేడా నేనే ఆయన చేతిలో పెట్టాను. ఆ రోజు నుంచి ఫైలు పంపే ముందు యజమానిని పక్కన కూర్చోబెట్టుకుని ప్రతి పెట్టెలో అంకె బయటికి చదివి వినిపిస్తాను. మీ ఫైలు పెట్టే వాళ్లు చదవకపోతే, మీరే చదవమనండి.

టేపు పట్టుకుని ప్లాటు నాలుగు పక్కలా కొలవండి. డాక్యుమెంట్‌లో 200 గజాలుండి నేల మీద 186 రావడం మామూలే, పక్కవాడి గోడో, రోడ్డో కొంత తినేసి ఉంటుంది. రెండింట్లో చిన్నదాన్నే ప్లాన్‌లో చూపించండి. లేని జాగా చూపిస్తే ఫీజూ ఎక్కువ, తర్వాత తనిఖీలో సెట్‌బ్యాకులూ (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ) తప్పుతాయి.

కట్టడం కొలతలోనూ జాగ్రత్త. పార్కింగ్‌కు వదిలే స్టిల్ట్ ఫ్లోర్‌ను ప్లాన్‌లో పార్కింగ్ అనే వేరుగా చూపాలి. తర్వాత దానికి గోడలు కట్టి రెండు షట్టర్లు పెడితే, అది దుకాణం అయినట్టే, ప్లాన్ తప్పినట్టే.

ఆరో అడుగు: దరఖాస్తు ఏ తరగతిలో పడుతుంది

ఆన్‌లైన్‌లో ఇంటి పర్మిషన్లు ఇవ్వడానికి 2020 నవంబరు 16న మొదలైన టీఎస్ బీపాస్ పద్ధతిలో మూడు దార్లున్నాయి. తర్వాత పేరు టీజీ బీపాస్ అయింది, 2025లో బిల్డ్‌నౌ అనే కొత్త వేదిక కూడా వచ్చింది. తెర మారినా కింద చెప్పేది తెలిస్తే దారి తప్పరు.

75 గజాల లోపు ప్లాటులో కింద ఒకటి, పైన ఒకటి, ఏడు మీటర్ల ఎత్తు దాకా కట్టుకుంటే పర్మిషన్ అక్కర్లేదు. ఒక్క రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. ఇంత చిన్న ఇంటికి పర్మిషన్ ఇప్పిస్తానని వేలు అడిగేవాడు మిమ్మల్ని మోసం చేస్తున్నాడు. మున్సిపల్ సిబ్బంది పేరు చెప్పుకున్నా సరే.

500 చదరపు మీటర్ల లోపు ప్లాటు, పది మీటర్ల లోపు ఎత్తు అయితే స్వీయ ధ్రువీకరణతో వెంటనే పర్మిషన్. మన జిల్లాల్లో ఎక్కువ ఇళ్లు ఇందులోనే వస్తాయి. 'వెంటనే' అన్న మాటను చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటున్నారు. వాళ్లు చూసి ఇచ్చిన పర్మిషన్ కాదది, మీరు చెప్పింది నిజమని నమ్మి ఇచ్చింది. 21 రోజుల్లో వచ్చి చూస్తారు. అబద్ధమని తేలితే పర్మిషన్ రద్దు చేయవచ్చు, తప్పుడు ధ్రువీకరణకు జరిమానా వేయవచ్చు, నోటీసు లేకుండా కూల్చవచ్చు. అందుకే 21 రోజులు గడిచేదాకా పునాది గుంతలకు జేసీబీ మాట్లాడకండని నా దగ్గరికి వచ్చే వాళ్లకు చెబుతాను. చట్టం ఆగమనలేదు. కానీ ఆగినవాళ్లు నష్టపోయింది నేను చూడలేదు.

అంతకన్నా పెద్దవాటికి సింగిల్ విండో. 21 రోజుల్లో ఏదో ఒకటి తేల్చాలి, తేల్చకపోతే అనుమతి వచ్చినట్టే లెక్క.

ఏడో అడుగు: ఫీజు లెటర్ వరుస వరుసగా చదవడం

ఇప్పుడు ఆ కాగితం బల్ల మీద పరవండి. పెన్ను తీసుకుని ప్రతి వరుస పక్కన మూడు మాటలు రాయండి: ఏ నిబంధన, ఏ కొలత, ఏ ఖాతా.

బిల్డింగ్ పర్మిట్ ఫీజు, ప్రాసెసింగ్ ఫీజు మీ ప్లాన్ చూసి కాగితం ఇచ్చే ఖర్చుకు. పెద్ద మొత్తాలు కావు, కట్టడం కొలత మీద వస్తాయి, మున్సిపాలిటీకే పోతాయి.

బెటర్‌మెంట్ ఛార్జీలు అంటే మెరుగుదల రుసుము. మున్సిపాలిటీ రోడ్డు వేసి, మోరీ కట్టి, నల్లా పైపు వేసి, స్తంభానికి లైటు పెడితే మీ జాగా విలువ పెరుగుతుంది, ఆ పెరుగుదలలో కొంత తిరిగి ఇవ్వమని అడగడం. ఎక్స్‌టర్నల్ బెటర్‌మెంట్ అని ఇంకో వరుస ఉంటుంది. అది మీ కాలనీ బయట ఉండే పెద్ద పైపులైన్లు, ప్రధాన రోడ్లు, పెద్ద కాలువల కోసం. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంకర్లు పోయిన తరాలున్న జిల్లా మాది. శివారు కాలనీ దాకా మంచి నీళ్ల పైపు రావడానికి ఎవరో ఒకరు డబ్బు పెట్టాలి, అది కొత్తగా కట్టేవాళ్లు కొంత పెట్టడం న్యాయమేనని నేను నమ్ముతాను. అన్యాయం ఎక్కడంటే, ఆ పేరున తీసుకున్న డబ్బు ఆ కాలనీకి రాకుండా జీతాల్లో కలిసిపోయినప్పుడు.

డెవలప్‌మెంట్ ఛార్జీలు పట్టణాభివృద్ధి సంస్థవి. మున్సిపల్ కిటికీలో కట్టినా, ఆన్‌లైన్‌లో ఒకే మొత్తంగా కట్టినా ఆ సంస్థ ఖాతాలోకి చేరాలి.

ఖాళీ స్థలం పన్ను ప్లాటు ఖాళీగా ఉన్నంత కాలానికి వేసే ఆస్తి పన్ను లాంటిది. పాత బాకీ ఉంటే ఇప్పుడు కలిపి అడుగుతారు. ఇదివరకే కట్టి ఉంటే రసీదు చూపండి, రెండోసారి కట్టకండి.

కార్మిక సంక్షేమ సెస్ నిర్మాణ ఖర్చులో 1 శాతం. ముందు 1996 నాటి కేంద్ర చట్టం కింద ఉండేది, 2025 నవంబరు నుంచి కేంద్ర సామాజిక భద్రతా కోడ్ కింద. మున్సిపాలిటీ దీన్ని వసూలు మాత్రమే చేస్తుంది, చేసినందుకు వసూలైన దాంట్లో 1 శాతం లోపు తన ఖర్చు కింద ఉంచుకుని మిగతాది భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలికి పంపాలి. మీరు ఉండటానికి యాభై లక్షల లోపు ఖర్చుతో కట్టుకునే ఇంటికి ఇది వర్తించదు (పాత చట్టంలో ఈ హద్దు పది లక్షలు). అరవై లక్షల ఇల్లయితే అరవై వేలు. ఈ ఒక్క వరుసను మాత్రం ఎవరూ నా దగ్గర బేరం ఆడకూడదని కోరుకుంటాను. సెంట్రింగ్ మీద నుంచి పడి కాలు విరిగిన మేస్త్రీకి, ప్రసవానికి పోయిన కూలీ తల్లికి ఆ మండలి నుంచే సాయం రావాలి. మీ ఇంటి పనికి వచ్చేవాళ్ల దగ్గర లేబర్ కార్డు ఉందా అని అడగండి, లేకపోతే తీసుకోమని చెప్పండి.

ఎనిమిదో అడుగు: వరుస తప్పనిపిస్తే

ముందు మన వైపు తప్పేమైనా ఉందేమో చూసుకోవాలి: కొలత, ప్రొసీడింగ్స్ నంబర్, తప్పు జోన్ ఎంపిక. ఇవేవీ కాకపోతే కమిషనర్ పేరున ఒక పేజీ అర్జీ రాయండి. "ఫలానా వరుసలో ఇంత మొత్తం ఏ చట్టం, ఏ జీవో లేదా ఏ కౌన్సిల్ తీర్మానం కింద వేశారో తెలుపగలరు" అని మర్యాదగా. నకలు మీద ఇన్‌వర్డ్ ముద్ర (అర్జీ అందినట్టు ఆఫీసు వేసేది) వేయించుకోవడం మర్చిపోకండి.

ఈ ప్రశ్నకు బలం రాజ్యాంగం నుంచి వస్తుంది. చట్టం అధికారం ఇవ్వనిదే ఏ పన్నూ వేయకూడదు, వసూలు చేయకూడదు అని 265వ అధికరణం చెబుతుంది. పన్ను కాదు, ఫీజు కదా అని తప్పించుకునే దారి కూడా లేదు. 1992లో అహ్మదాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ కేసులో సుప్రీంకోర్టు, చట్టంలో స్పష్టమైన అధికారం లేకుండా ఆ సంస్థ డెవలప్‌మెంట్ ఫీజు వేయడం చెల్లదని తేల్చింది. కాబట్టి "ఇక్కడ అందరూ కడుతున్నరు, మీరూ కట్టున్రి" అన్నది జవాబు కాదు.

అలాగని అర్జీ పెట్టి, పని మొదలుపెట్టి, ఫీజు కట్టకుండా ఉండటం మంచిది కాదు. కాగితం రాకుండా కట్టిన గోడకు చట్టం ముందు విలువ లేదు. తొందరగా ఇల్లు కట్టాల్సి ఉంటే, అభ్యంతరం రాతలో పెట్టి, కట్టేసి, తిరిగి ఇవ్వమని అడగడం మేలు.

తొమ్మిదో అడుగు: కట్టడం

ఆన్‌లైన్‌లోనే కట్టండి, యజమాని ఖాతా నుంచే కట్టండి. పైరవీకారు చేతికి నగదు ఇచ్చి "మీరే కట్టేయండి అన్నా" అనకండి. కట్టిన వెంటనే చలానా, రసీదు, ఫీజు లెటర్, పర్మిషన్ కాగితం, ముద్ర పడిన ప్లాన్ ఐదూ ప్రింట్ తీసి ఒక ప్లాస్టిక్ కవర్లో వేసి డాక్యుమెంట్ పక్కన పెట్టండి. బ్యాంకు లోన్‌కు, అమ్మకానికి, పిల్లలకు పంచడానికి ఇవే అడుగుతారు.

గడువు గుర్తుంచుకోండి. 18 నెలల్లోపు పని మొదలవ్వాలి, మామూలు ఇళ్లు మూడేళ్లలో పూర్తవ్వాలి. దాటితే మళ్లీ రెన్యువల్.

చిన్న బిల్డర్లకు ప్రత్యేకంగా

ఫీజు కట్టడంతో మీ బాధ్యత తీరలేదు. అపార్ట్‌మెంట్‌కు కట్టడంలో 10 శాతం స్థానిక సంస్థకు తనఖా పెట్టాలి. ప్లాన్ ప్రకారం కట్టి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ప్లాన్ ప్రకారమే కట్టారు, చేరవచ్చు అని ఇచ్చే కాగితం) తెచ్చుకున్నాకే అది విడుదలవుతుంది. తనఖాలో ఉన్న ఫ్లాటును ముందే అమ్మేసి అడ్వాన్సు తీసుకున్న వాళ్లు నా ఎరుకలోనే ఉన్నారు. కొన్నవాళ్లు రిజిస్ట్రేషన్ రోజున సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఏడ్చిన రోజు నేనక్కడే ఉన్నాను. లేఅవుట్ వేసేవాళ్లు ప్లాట్లలో 15 శాతం తనఖా పెట్టాలి. రోడ్లు, మోరీలు, కరెంట్, నీళ్లు పూర్తయ్యాక విడుదల. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఎనిమిది ఫ్లాట్లు దాటినా రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నమోదు లేకుండా ప్రకటన వేయకండి, బుకింగ్ తీసుకోకండి.

కొనేవాళ్లకూ ఇక్కడే ఒక మాట: ఏ ఫ్లాట్లు తనఖాలో ఉన్నాయో పర్మిషన్ కాగితంలోనే రాసి ఉంటుంది. అడిగి చూడండి.

చివరి అడుగు: డబ్బు ఎటు పోయిందో చూడండి

నేను ఈ రాతకు కూర్చున్నది దీని కోసమే. కట్టేవాడు మరిచిపోతాడు, తీసుకున్నవాడు చెప్పడు, కాలనీలో వాన పడితే మోకాళ్ల లోతు నీళ్లు నిలుస్తాయి.

2019 చట్టం ప్రకారం ప్రతి వార్డులో నాలుగు కమిటీలు, ఒక్కో దాంట్లో పదిహేను మంది ఉండాలి. మీ వార్డు కమిటీలో ఎవరున్నారో కనుక్కుని, కాలనీ నుంచి ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి. కౌన్సిలర్ మీ వైపు ఉంటే బడ్జెట్ సమావేశంలోనే అడిగించండి.

అది కుదరకపోతే సమాచార హక్కు దరఖాస్తు. పంచాయతీలో ఫీజు లేదు, మండల స్థాయిలో ఐదు రూపాయలు, మున్సిపాలిటీలో పది. ప్రశ్నలు పొడుగ్గా వద్దు. నేను రాసి ఇచ్చేవి నాలుగే. ఒకటి, బెటర్‌మెంట్ రేటును నిర్ణయించిన జీవో లేదా కౌన్సిల్ తీర్మానం నకలు. రెండు, గడిచిన ఆర్థిక సంవత్సరంలో మా వార్డులో ఇంటి పర్మిషన్ల కింద బెటర్‌మెంట్, డెవలప్‌మెంట్ ఛార్జీలు ఎంత వసూలయ్యాయి, ఏ ఖాతాలో జమ చేశారు. మూడు, ఆ ఏడాది మా వార్డులో రోడ్లు, మోరీలు, నీళ్ల పైపుల మీద ఏ పనికి ఎంత ఖర్చు పెట్టారు. నాలుగు, ఆ పనుల ఎస్టిమేట్, ఎం బుక్ (పని కొలతలు రాసే పుస్తకం) నకళ్లు.

ముప్పై రోజుల్లో జవాబు రావాలి. రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా ఆ తర్వాత ముప్పై రోజుల్లో అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు. అక్కడా తేలకపోతే తొంభై రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండోది.

నాలుగింటిలో ఎం బుక్ అడగడం మాత్రం వదలకండి. అందులో మోరీ ఎక్కడి నుంచి ఎక్కడిదాకా కట్టారో, ఎంత లోతో, ఎంత వెడల్పో మీటర్లలో రాసి, కొలిచిన ఇంజనీర్ సంతకం చేసి ఉంటాడు. ఆ పేజీ చేతికొచ్చాక ఆదివారం పొద్దున్నే కాలనీ వాళ్లు నలుగురు టేపు తీసుకుని మోరీ వెంట ఈ కొస నుంచి ఆ కొసకు కొలుచుకుంటూ నడవండి. పుస్తకంలో అంకెకూ నేల మీద అంకెకూ తేడా వస్తే, రెండూ ఒకే కాగితం మీద రాసి, నలుగురూ సంతకాలు పెట్టి, సోమవారం కమిషనర్‌కు ఇవ్వండి. ఇన్‌వర్డ్ ముద్ర తీసుకుని రండి.